చెరువు గట్టున గాలం పోటీ: ఇంగ్లండులో ఒక రోజు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండులోని మిడ్‌లాండ్స్ ప్రాంతంలో ఉద్యోగం చేసుకుంటూ, వీలైన ఆదివారాలన్నీ చెరువు గట్టున గడిపే తెలుగువాడిని నేను. ఒకసారి పోటీ చూడడానికి రమ్మని ఎవరిని పిలిచినా వారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే రకంగా ఉంటున్నందున, వాటికి జవాబులను ఒకచోట రాసి పెడుతున్నాను. ఇవి రుసుము కట్టి చేపలు పట్టే చెరువులకు, అంటే ఇక్కడివారు కమర్షియల్ ఫిషరీలు అని పిలిచేవాటికి, సంబంధించినవి. నదుల మీదా కాలువల మీదా జరిగే పోటీల తీరు కొంత వేరుగా ఉంటుంది.

కోర్స్ ఫిషింగ్ అంటే ఏమిటి? కోర్స్ అంటే ముతక అని కదా అర్థం?

బ్రిటన్‌లో గాలం వేసేవారు మంచినీటి చేపలను రెండు తెగలుగా చూస్తారు. సాల్మన్, ట్రౌట్ జాతులను గేమ్ చేపలంటారు. కార్ప్, బ్రీమ్, రోచ్, టెంచ్, పెర్చ్, రడ్, చబ్, పైక్ వంటి మిగిలినవి కోర్స్ చేపలు. ఆ మాటలో కొంత చిన్నచూపు ధ్వనిస్తుందని నాకు అనిపిస్తుంది గాని, గట్టు మీద ఉన్నవారు దానిని గర్వంగానే చెప్పుకుంటారు.

పోటీలు జరిగే చెరువులలో ఎక్కువగా కనిపించేది కార్ప్. ఇది మనకు కొత్త చేప కాదు. మన చేపల చెరువులలో బంగారుతీగ అని పిలిచే కామన్ కార్ప్ ఇదే. దీని జర్మన్ రకం 1939లో నీలగిరికి వచ్చింది. ఒంటి మీద అక్కడక్కడ మాత్రమే అద్దం పెంకుల్లాంటి పెద్ద పొలుసులు ఉండే మిర్రర్ కార్ప్ కూడా ఈ జాతిదే. వీటితో పాటు ఎఫ్1 అనే సంకర చేపను చెరువుల యజమానులు విస్తారంగా వదులుతారు. కామన్ కార్ప్‌ను క్రూషియన్ కార్ప్‌తో కలిపి పుట్టించిన ఈ చేప మరీ పెద్దది కాదు, చలికాలంలో కూడా మేత మానదు. కాబట్టి జనవరిలో పోటీ పెట్టినా గట్టు ఖాళీగా ఉండదు.

పట్టిన చేపలను ఇంటికి తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోకూడదు. అందరికంటే ముందు అడిగేది ఈ ప్రశ్నే, ఈ జవాబు విన్నాక సగం మందికి ఆసక్తి పోతుంది. కొల్లేటి ఒడ్డున పెరిగిన మా బంధువు ఒకాయన ఒక పూటంతా నా పక్కన కూర్చుని, చివరకు చేపలన్నీ తిరిగి నీటిలోకి వెళ్ళడం చూసి, "పులుసు పెట్టని చేప కోసం ఇంత తతంగమా?" అని నిజంగానే బాధపడ్డారు.

ఆ చెరువులోని చేప యజమాని సొత్తు; అనుమతి లేకుండా పట్టుకుపోవడం 1968 నాటి థెఫ్ట్ యాక్ట్ కింద నేరం. చట్టాన్ని పక్కన పెట్టినా, ఒకే కార్ప్ ఏడాది పొడవునా ఎందరి గాలాలకో పడి, ఎన్నోసార్లు తూకం వేయించుకుని, మళ్ళీ నీటిలోకి వెళ్తేనే ఆ చెరువు నడుస్తుంది. గాలం మొన వెనుక ముల్లు ఉండకూడదనడం, చేపను తడి చేతులతోనే పట్టుకోవాలనడం, నేల మీద పెట్టకూడదనడం, వలలో పరిమితికి మించి ఉంచకూడదనడం, ఇలా ఆనాడు మీకు వినిపించే నియమాలలో చాలా భాగం చేప ప్రాణంతో, ఒంటి మీది జిగురు పొర చెడకుండా తిరిగి వెళ్ళాలన్న ఉద్దేశంతో పెట్టినవే. ఈ సంగతి మనసులో ఉంచుకుంటే మిగిలిన జవాబులు తేలికగా అర్థమవుతాయి.

లైసెన్సు అవసరమా?

అవసరం. ఇంగ్లండు, వేల్స్‌లలో 13 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ రాడ్ లైసెన్సు ఉండాలి. 13 నుంచి 16 ఏళ్ళ వారికి ఇది ఉచితమే అయినా, పేరు నమోదు చేసుకుని లైసెన్సు తీసుకోక తప్పదు. లేకుండా దొరికితే 2,500 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. చెరువుకు కట్టే రుసుము, క్లబ్బు సభ్యత్వం దీనికి బదులు కావు.

నదులలో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా కోర్స్ చేపలు పట్టడం నిషేధం. చాలా వరకు చెరువులకు ఈ విరామం లేదు కాబట్టి వసంతకాలపు పోటీలన్నీ చెరువుల మీదకు చేరుతాయి.

పోటీ రోజు ఎలా సాగుతుంది?

ఏడున్నరకల్లా చెరువు దగ్గరి క్యాంటీను తెరుస్తారు. ఎనిమిదిన్నర ప్రాంతంలో పేర్లు రాసుకుని, డబ్బు వసూలు చేసి, చీటీలు తీయిస్తారు. తొమ్మిదికి అందరూ సామాను బండ్లు తోసుకుంటూ తమ తమ స్థానాలకు బయలుదేరుతారు. పదింటికి ఈల వేసి "ఆల్ ఇన్" అని అరుస్తారు. మూడుకో నాలుగుకో మళ్ళీ ఈల వేసి "ఆల్ అవుట్" అంటారు. ఆ తరువాత తూకం (మొత్తం బరువు ఎక్కువ ఉన్నవారిదే గెలుపు), ఫలితాలు, బహుమతి డబ్బు. ఈ వేళలు క్లబ్బును బట్టి అటూ ఇటూ అవుతాయి.

పెగ్ అంటే ఏమిటి? ఎక్కడ కూర్చోవాలో ఎవరు నిర్ణయిస్తారు?

ఈ మాట వినగానే మనవాళ్ళు నవ్వుతారు గాని, ఇక్కడ పెగ్ అంటే గట్టున అంకె వేసి ఉన్న ఒక స్థానం, సాధారణంగా నీటి అంచున కట్టిన చిన్న చెక్క బల్ల. దాని ముందున్న నీరు ఆ రోజుకు మీది. సంచిలో చేయి పెట్టి తీసిన చీటీ మీద ఏ అంకె ఉంటే అక్కడే కూర్చోవాలి.

గెలుపులో ఈ చీటీకి ఎంత వాటా అన్న వాదన గట్టు మీద ఎప్పటికీ తెగదు. ఓడినవారు సగానికి సగం చీటీదే అంటారు. నా అంచనాలో మంచి పెగ్ గెలిచే అవకాశాన్ని మాత్రమే ఇస్తుంది. దానిని పాడు చేసుకోవడానికి తొలి అరగంట చాలు. వరుసలో చివరి పెగ్గుకు ఒక పక్క పొరుగువారు ఉండరు కాబట్టి, బెదిరిన చేపలు అటువైపు జరుగుతాయి. ఎండాకాలంలో వెచ్చని గాలి ఏ ఒడ్డుకు అలలను తోస్తుందో ఆ ఒడ్డున మేత, చేప రెండూ చేరుతాయి. చలికాలంలో మాత్రం చల్లగాలి తగిలే ఒడ్డును వదిలి, గాలి తగలని లోతు నీటిలో చేపలు గుంపుగా నిలుస్తాయి. చెరువు నడుమ లంక ఉంటే, దాని అంచుకు అందే పెగ్గులకు గిరాకీ ఎక్కువ.

అందరూ ఒకే విధమైన నీటితో పోటీ పడలేరు కాబట్టి చెరువును కొన్ని సెక్షన్లుగా విడదీసి, ప్రతి సెక్షన్‌లో మొదటివారికి కొంత డబ్బు కేటాయిస్తారు.

ఏ సామగ్రి కావాలి?

కనీసంగా చెప్పాలంటే కూర్చోవడానికి సీట్‌బాక్స్, ఒక రాడ్, రీలు, బెండ్లు, చేపను అందుకునే చేతి వల, చేపలను ఉంచే కీప్‌నెట్లు, పెద్ద గొడుగు. కాని పోటీ గట్టు మీద మీ కళ్ళు ముందుగా పడేది పోల్ మీద. ఇది కార్బన్‌తో చేసిన పొడవాటి గొట్టం, ముక్కలు ముక్కలుగా ఒకదానిలో ఒకటి దూరుతుంది, 13 నుంచి 16 మీటర్ల దాకా సాగుతుంది. రీలు ఉండదు. చివరి రెండు మూడు ముక్కల లోపల రబ్బరు ఎలాస్టిక్ ఉంటుంది. చేప లాగినప్పుడు అది సాగి, దారం తెగకుండా ఆ ఊపును తనలోకి తీసుకుంటుంది. చేప పడగానే పోల్‌ను వెనుక ఉన్న రోలర్ మీదుగా మెల్లగా వెనక్కి నెట్టుకుంటూ వచ్చి, చివరి ముక్కలను ఊడదీసి, చేపను వలలోకి తీసుకోవాలి. బెండును అరచేతి మందం తేడా లేకుండా అదే చోట మళ్ళీ మళ్ళీ నిలపగలగడమే పోల్‌లోని గొప్ప. మంచి పోల్ ఖరీదు వేల పౌండ్లలో ఉంటుంది. కొత్తవారు వాడిన పోల్ కొనుక్కోవడం, లేదా మొదటి ఏడాది రాడ్‌తో ఫీడర్ (దారానికి కట్టి విసిరే, మేత నింపిన చిన్న బుట్ట) వేసుకోవడం మేలు.

కార్బన్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. పైన కరెంటు తీగలున్న చోట, వాటికి కనీసం 30 మీటర్ల దూరం పాటించాలి. ఉరుము వినిపిస్తే పోల్ కింద పెట్టి లేచిపోవాలి. ఈ విషయంలో ఎవరి మొహమాటమూ చూడవద్దు.

గాలం సైజులు, బరువుల సంగతి ఏమిటి?

గాలం నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. ఇది తెలియక నా మొదటి పోటీకి 22వ నంబరు గాలాలు పెద్దవనుకుని రెండు ప్యాకెట్లు కొనుక్కుపోయాను. ఉదయం నుంచి పడిన ఏడు కార్ప్‌లలో ఐదు ఆ గాలాలను గుండుసూదుల్లా సాగదీసి వెళ్ళిపోయాయి. పక్క పెగ్ పెద్దాయన రెండింటి వేళ మారు మాట్లాడకుండా నాలుగు 16వ నంబరు గాలాలు నా అరచేతిలో పెట్టి వెళ్ళాడు.

బెండును నిలబెట్టే చిన్న గుండ్లకు ఒకప్పుడు సీసం వాడేవారు. వాటిని మింగి హంసలు చనిపోతుండడంతో, 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల మధ్య బరువున్న సీసపు గుండ్లను 1987 నుంచి నిషేధించారు. దుకాణాలలో ఇప్పుడు దొరికేవి విషరహితమైనవే. పాత సామాను ఎవరైనా ఉచితంగా ఇస్తే, డబ్బా అడుగున ఏమున్నదో చూసుకోండి.

ఎరగా ఏమి వాడతారు?

ఈగల పురుగులు, అంటే మ్యాగట్లు, ఎరల దుకాణంలో పైంటు అనే కొలత లెక్కన అమ్ముతారు. తెల్లవి, ఎర్రరంగు వేసినవి రెండూ ఉంటాయి. అవి గట్టిపడి గూడు కడితే కాస్టర్లు అవుతాయి, వాటికీ గిరాకీ ఉంది. ఇవి కాక 2, 4, 6, 8 మిల్లీమీటర్ల పెల్లెట్లు (మేత గుళికలు), డబ్బా మొక్కజొన్న, ఘనాలుగా కోసిన డబ్బా మాంసం, ముక్కలు చేసిన వానపాములు, నీటితో తడిపిన పొడి మేత వాడతారు. మ్యాగట్లను చల్లగా ఉంచకపోతే రెండు మూడు రోజులలో కాస్టర్లైపోతాయి కాబట్టి ఫ్రిజ్ తప్పనిసరి. ఈ విషయంలో ఇంట్లో జరిగే చర్చకు నా దగ్గర జవాబు లేదు. గ్యారేజీలో పాత ఫ్రిజ్ ఒకటి పెట్టుకున్నాను.

మనవారికి నచ్చే సంగతి ఒకటి ఉంది. మ్యాగట్లకు పట్టిన అమ్మోనియా వాసన పోవడానికి, కాస్త ఘాటు ఎక్కడానికి ఇక్కడి పాతకాపులు వాటిలో పసుపు కలుపుతారు. ఎరల డబ్బా మూత తీయగానే మన వంటింటి వాసన రావడం నన్ను మొదటిసారి నిలువునా ఆశ్చర్యపరిచింది.

తేలే ఎరలను, గింజపప్పులను, కుక్క బిస్కెట్లను చాలా చెరువులు అనుమతించవు. పెల్లెట్లు తమ దుకాణంలోనే కొనాలనే చోట్లు కూడా ఉన్నాయి. రాత్రే నియమాలు చదువుకుని బయలుదేరండి.

ఈలకు ముందు ఏమి చేయవచ్చు?

నీటిలో మేత వేయడం తప్ప దాదాపు అన్నీ చేయవచ్చు. ఆ గంటలో అతి ముఖ్యమైన పని లోతు కొలవడం. గాలానికి చిన్న బరువు తగిలించి, ఐదు మీటర్ల దగ్గర, పదమూడు మీటర్ల దగ్గర, కుడి ఎడమ అంచులలో నేల ఎంత లోతున ఉందో, ఎక్కడ వాలుగా దిగుతోందో, ఎక్కడ చదునుగా ఉందో చూసుకుని, ప్రతి చోటికీ ఒక టాప్ కిట్ (దారం, బెండు, గాలం కట్టిన పోల్ చివరి ముక్కలు) సిద్ధం చేసి, లోతును దాని మీద తెల్లటి పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. బెండు రెండంగుళాలు తేడా వస్తే ఎర నేల మీద ఆనక తేలుతుంది, చేప నోట్లో పడవలసిన గాలం దాని రెక్కకు గుచ్చుకుంటుంది.

ఐదారు గంటలు కదలకుండా కూర్చుని ఏమి చేస్తారు?

కదలకుండా కూర్చోవడం ఈ ఆటలో ఉండదు. ఒక ఎఫ్1 పట్టే క్రమం చూడండి. పోల్ కొనకు తగిలించిన గుప్పెడంత గిన్నెలో పది పన్నెండు పెల్లెట్లు వేసుకుని, పదమూడు మీటర్ల దూరానికి పోల్‌ను నెట్టి, కొనను ఒక్కసారి తిప్పితే మేత, గాలం ఒకే చోట దిగుతాయి. నీటి పైన బెండు కొన బియ్యపు గింజంత ఎర్రగా కనిపిస్తుంది. అది ఒకసారి వణికితే వదిలేయాలి. చేప ఒళ్ళు దారానికి తగిలినా అలాగే వణుకుతుంది. చటుక్కున మాయమైతేనే పోల్ ఎత్తాలి. ఎలాస్టిక్ నీటి మీద గీత గీసినట్టు సాగుతుంది, పోల్ వెనక్కి వస్తుంది, టాప్ కిట్ ఊడుతుంది, చేప చేతి వలలోంచి కీప్‌నెట్‌లోకి జారుతుంది, కొత్త ఎర గుచ్చుకుంటుంది. అలవాటైనవారికి ఇదంతా మూడు నిమిషాలు. పౌనున్నర బరువున్న చేపలు ఈ లెక్కన గంటకు ఇరవై పడితే 30 పౌండ్ల బరువు. పోటీ అంతా ఆ మూడు నిమిషాలు నాలుగు కాకుండా చూసుకోవడంలో ఉంది.

మొదటి గంటలో చేపలు దగ్గరలోనే ఉంటాయి, తరువాత అలజడికి వెనక్కి జరుగుతాయి, మధ్యాహ్నం ఒక గంట చెరువు మొత్తం చచ్చినట్టు పడి ఉంటుంది. కొత్తవారు తప్పు చేసేది ఈ గంటలోనే. చేప పడడం లేదని గుప్పెళ్ళకొద్దీ మేత కుమ్మరిస్తారు. వేసిన మేతను ఎవరూ తిరిగి తీయలేరు; కడుపు నిండిన చేపకు మీ గాలం మీది ఒక్క గింజతో పని లేదు. కొంచెం కొంచెంగా, ఆగకుండా వేయడమే పద్ధతి. ఎండాకాలంలో ఆ మేత చప్పుడుకే చేపలు పైకి లేస్తాయి. అప్పుడు రెండడుగుల లోతులోనే వాటిని పట్టవచ్చు.

చివరి గంటన్నర ఒడ్డుది. పోటీ సగంలోనే కుడివైపు రెల్లు పక్కన, కాళ్ళకు మూడు నాలుగు మీటర్ల దూరంలో, రెండడుగుల నీటిలో మేత వేసి వదిలేస్తాము. మూడు దాటాక అక్కడి నీరు టీ రంగుకు తిరుగుతుంది, రెల్లు కాడ ఒకటి గాలి లేకుండానే కదులుతుంది, ఒక తోక పైకి తేలి మునుగుతుంది. అక్కడ పడేవి పది పౌండ్ల కార్ప్‌లు. ముప్పై మంది వరుసలో ఎనిమిదో స్థానంలో ఉన్నవారు ఆ గంటలో మొదటికి రావడం నేను చాలాసార్లు చూశాను, దురదృష్టవశాత్తు పక్క పెగ్ నుంచి.

కీప్‌నెట్లకు ఇన్ని నియమాలెందుకు?

ఆ వలలో చేప కొన్ని గంటలు బతకాలి కాబట్టి. చట్టం ప్రకారం వల అల్లికలో ముడులు ఉండకూడదు, పొడవు 2 మీటర్లకు తగ్గకూడదు. దీనిపైన చెరువు వారు ఒక్కో వలకు ఇంత బరువనే పరిమితి పెడతారు. ఉదాహరణకు 50 పౌండ్ల పరిమితి ఉన్న చోట 53 పౌండ్లు తూగితే మీకు 50 మాత్రమే రాస్తారు. మరీ మించితే ఆ వల లెక్కకే రాదు. అందుకే అనుభవజ్ఞుల సీట్‌బాక్సుకు వలకొకటి చొప్పున నొక్కుడు లెక్కింపు యంత్రాలు వేలాడుతుంటాయి. చేప వేసిన ప్రతిసారీ అంచనా బరువు నొక్కుకుంటారు.

కార్ప్‌లకు సోకే కోయి హెర్పిస్ అనే వైరస్ ఒక చెరువు నుంచి మరొక చెరువుకు తడి వలల ద్వారా పాకుతుందన్న భయంతో, కొన్ని చోట్ల మన వలలను క్రిమిసంహారక తొట్టెలో ముంచాలి, కొన్ని చోట్ల వారిచ్చే వలలే వాడాలి.

తూకం ఎలా వేస్తారు?

ముగింపు ఈల తరువాత ఎవరూ చేపలను బయటకు తీయకూడదు. త్రాసు బండి పెగ్ పెగ్గుకూ వస్తుంది. అప్పుడే వల ఎత్తి, తడిపిన గుడ్డ ఊయలలోకి చేపలను జార్చి, బరువు చదివి, వెంటనే నీటిలోకి వదులుతారు. ఇక్కడ కిలోలు ఉండవు. 16 ఔన్సులు ఒక పౌను, సుమారు 454 గ్రాములు. మూడు వలలలో 38 పౌండ్ల 12 ఔన్సులు, 41 పౌండ్ల 4 ఔన్సులు, 17 పౌండ్ల 6 ఔన్సులు వచ్చాయనుకుంటే, మొత్తం 97 పౌండ్ల 6 ఔన్సులు, అంటే 44 కిలోల పైచిలుకు. ఔన్సులు 22 వచ్చాయి కదా అని 98 పౌండ్లు అనుకునేవారిని చూశాను. కాగితం మీద కూడుకోవడం మంచిది.

డబ్బు వస్తుందా?

క్లబ్బు పోటీలలో అందరూ వేసిన డబ్బే గెలిచినవారికి పంచుతారు. పెట్రోలు, ఎర ఖర్చు వస్తే సంతోషించాలి. పెద్ద పోటీలు వేరు. 1994లో మొదలైన ఫిష్ ఓ మేనియా అంతిమ పోటీని టీవీలో ప్రత్యక్షంగా చూపించేవారు. ఇంగ్లండు తరఫున ఆడినవారిలో బాబ్ నడ్ నాలుగుసార్లు, అలన్ స్కాటోర్న్ ఐదుసార్లు ప్రపంచ విజేతలయ్యారు. ప్రపంచ పోటీలలో పురుషులు 13 మీటర్లకు మించిన పోల్ వాడకూడదు, కాబట్టి మన చెరువు గట్టున 16 మీటర్లతో చూపే ప్రతాపం అక్కడ చెల్లదు.

తిండి సంగతి ఏమిటి?

పులిహోర, పెరుగన్నం బాగా పనికివస్తాయి. చెంచా మాత్రం మరవకండి. చెరువు నీటిలో ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకే ప్రమాదం ఉంది. చేతి మీద గాయముంటే కప్పుకోవాలి, తినే ముందు శుభ్రమైన నీటితో చేతులు కడుక్కోవాలి.

ఒక్క చేప కూడా పడకపోతే?

వేసవిలో ఇది అరుదు, ఫిబ్రవరిలో సాధారణం. ఫలితాల కాగితంలో మీ పేరు ఎదురుగా "తూకం వేయలేదు" అని రాస్తారు, ఎవరూ ఏమీ అనరు. ఆరు పౌండ్లు పట్టినవారు కూడా కొందరు సిగ్గుపడి చేపలను ముందే వదిలేసి ఇలాగే రాయించుకుంటారు. నా సలహా, ఎంత తక్కువైనా తూకం వేయించండి. సెక్షన్ డబ్బు నాలుగు ఔన్సుల తేడాతో పోయినవారు ఉన్నారు. చేప పడినా పడకపోయినా వలలను మాత్రం ఆ సాయంత్రమే ఇంటి వెనుక తీగ మీద వేసి ఆరబెట్టాలి. ఒక్క రాత్రి సంచిలో ఉంచితే మర్నాడు కారు తలుపు తీయలేరు.